పాప కూచున్న తావు

పొద్దున లేస్తూనే కదిరమ్మ వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లేది. బర్రెకు మేతకింత కసువు వేసేది. తర్వాత కూతురు జ్యోతిలక్ష్మి పడుకున్న చాప ఎత్తి ఎండలో ఆరేసి, చాప కింద బండల మీద నిలిచిన నీళ్ళను గుడ్డతో అద్ది బక్కెట్లోకి పిండేది. ఆ నీళ్ళు తీసుకుపోయి పెరట్లో కరివేపాకు చెట్టుకు పోసేది. మిగతా పనుల్లాగే ఇదీ ఆమెకు అలవాటైపోయింది.

పిల్ల పక్క తడుపుతోందని అనుకునేరు. అది కాదు. ఆ నీళ్ళు తేటగా, చల్లగా ఉండేవి. తొలివాన పడ్డప్పటి మట్టివాసన వేసేవి. జ్యోతిలక్ష్మి ఎక్కడైనా కాసేపు కదలకుండా కూర్చుంటే చాలు, కింద నుంచి నీళ్ళు ఊరేవి. మట్టిలో కూర్చుంటే మట్టి మెత్తబడేది. బండ మీద కూర్చుంటే బండ చెమర్చి, ఆ చెమ్మ చుక్కలై, చుక్కలు చేరి చిన్న మడుగయ్యేది.

కంబదూరు రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే బొమ్మక్కపల్లెలో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదు. ఒకరికి అరికాళ్ళు పగులుతాయి, ఒకరికి చెమట ధార కడుతుంది, తిప్పన్న, కదిరమ్మల కూతురికి కింద నీళ్ళూరతాయి. బడిలో కృపాకుమారి టీచరు ఆ పిల్ల కూర్చునే చోట గోనెపట్ట పరిచి, పుస్తకాల సంచులు కాస్త దూరంగా పెట్టుకోమని మిగతా పిల్లలకు చెప్పింది. అంతటితో సరి.

ఇది మొదలైంది ఎండాకాలంలో. తిప్పన్న చేన్లో చివరి బోరు కూడా ఎండిపోయి, మోటారు గాలి కక్కడం మొదలుపెట్టిన రోజుల్లో. ఆ తర్వాత ఒక మంచి వాన పడింది. ఊరంతా శెనక్కాయ విత్తుకున్నారు. మొలక బాగా వచ్చింది. పూత కూడా వచ్చింది. ఇంక కాయ కట్టే ఊడలు భూమిలోకి దిగాల్సిన సమయానికి వాన మొహం చాటేసింది. పొద్దున పచ్చగా కనబడే చెట్లు మధ్యాహ్నానికి ఆకులు ముడుచుకునేవి.

అలాంటి ఒక ఆదివారం తిప్పన్న కూతుర్ని చేనికి వెంటబెట్టుకుపోయాడు. జ్యోతిలక్ష్మి సాలు మధ్యలో మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని కూర్చుంది. కొంతసేపటికి ఆమె చుట్టూ ఎర్రమట్టి నల్లబడింది. ఆ తడి సాలు వెంట పాకింది. వాలిన చెట్లు ఒక్కొక్కటే తలెత్తాయి. తిప్పన్న ఆ పిల్లను ఇంకొంచెం ముందుకు జరిపాడు. తర్వాత ఇంకొంచెం. సాయంత్రం ఇంటికొచ్చి, చాలా రోజుల తర్వాత కడుపునిండా సంగటి తిన్నాడు. జ్యోతిలక్ష్మి తన ముద్దను తినకుండా, నాయన తింటుంటే చూస్తూ కూర్చుంది.

ఆ మరుసటి ఆదివారం ఆమెను ఎవరూ పిలవాల్సిన పని లేకపోయింది. తనే ముందు లేచి చేనికి బయలుదేరింది.

పక్క చేను కుళ్ళాయప్పది. తిప్పన్నకంటే చిన్నవాడు, అన్నా అన్నా అంటూ వెంట తిరిగే మనిషి. అతని బోరు కూడా అంతకుముందే పోయింది. ఒక సాయంత్రం మొహమాటపడుతూ వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"వదినా, రేపు బడి వదిలినాక పాపను మా చేన్లోకి పంపీ. ఎండ తగలనీను, గొడుగు పట్టిస్తా. బొరుగులూ బెల్లమూ పెడతా."

"దాన్నే అడుగుప్పా," అంది కదిరమ్మ నవ్వుతూ.

"వస్తా చిన్నాయనా," అంది జ్యోతిలక్ష్మి. వాళ్ళ చేను ఏ గట్టు పక్కన ఉందో ఆమెకు తెలుసు. అక్కడి నుంచి చూస్తే నాయన కనబడతాడు.

ఊర్లో అందరూ ఆ పిల్లను మెచ్చుకునేవాళ్ళు. "ఎంత మంచిదప్పా మీ పాప! ఉలకదు, పలకదు. చెప్పినమాట వింటాది. మా ఇండ్లల్లోనూ ఉండారు, కోతులు!" అనేవాళ్ళు. కదిరమ్మకు ఆ మాటలు మొదట్లో తీయగానే ఉన్నాయి. పోయిన ఏడాది ఇదే పిల్ల కుళ్ళాయప్ప చింతచెట్టెక్కి దిగలేక ఊరంతా వినబడేలా కేకలు పెట్టింది. పక్కింటి భారతితో రోజుకొకసారి జుట్టూ జుట్టూ పట్టుకునేది, మళ్ళీ మధ్యాహ్నానికి ఇద్దరూ ఒకే గిన్నెలో తినేవాళ్ళు. బర్రెకు పాటలు పాడేది. ఎన్నిసార్లు తిట్టినా నోరు మూసేది కాదు. ఇప్పుడు బుద్ధి వచ్చిందనుకుంది కదిరమ్మ.

ఒకరోజు తల దువ్వుతుంటే చెవి వెనక చోట వెంట్రుకలు లేకుండా నున్నగా తగిలింది.

"ఇదేమి పాపా, ఈడ వెంట్రుకలు యాడికి పోయినాయి?"

"తెలీదు."

పేనుకొరుకుడేమో అని పక్కింటామె మందు చెప్పింది. కదిరమ్మ తెచ్చి పూసింది. కానీ ఆ సాయంత్రమే, పొయ్యి ముందు కూర్చుని తల తిప్పి చూస్తే, గడప మీద కూర్చున్న కూతురి వేళ్ళు జుట్టులో ఉన్నాయి. ఒక్కో వెంట్రుకను చూసుకోకుండానే లాగుతోంది. కళ్ళు మాత్రం చేనికి పోయే దారి మీద ఉన్నాయి. దూరంగా తిప్పన్న తలగుడ్డ కనబడగానే చెయ్యి కిందికి దిగింది.

కదిరమ్మ చేతిలో సంగటి కట్టె ఆగిపోయింది.

ఆ రోజు నుంచి ఆమె నేలను చూడటం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ తుడిచిందే గానీ, ఎక్కడ తుడుస్తున్నదీ ఆలోచించలేదు. పిల్లకు చాప వేసేది గోడ వారన. పొద్దున లేచేసరికి తడి ఉండేది గడపకు అడ్డంగా, లేకపోతే నాయన మంచం కాళ్ళ దగ్గర. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఒక తడి మరక పెరట్లో కొట్టం ముందు ఉండేది. కొట్టంలో మడకసామాన్లు, మందు కొట్టే మిషను, మూలన పురుగుమందు డబ్బాలు తప్ప ఏమీ లేవు. ఆ కొట్టం తలుపు ముందు ఎనిమిదేళ్ళు దాటిన పిల్ల గంటలు గంటలు కూర్చునేకి ఏముంది?

"పాపా, కొట్టం కాడ ఏం చేస్తాంటివి?"

"ఏం లేదు. ఊరికే."

"కడుపు నొస్తాందా?"

"లేదు."

"బళ్ళో ఎవురన్నా ఏమన్నా అన్నారా?"

"లేదు లే అమ్మా." ఆ మాట అని, తల్లి మొహంలో ఏం కనబడిందో ఏమో, ఒక నవ్వు నవ్వింది. ఆ నవ్వు చూసి కదిరమ్మకు భయం పుట్టింది. అది పిల్లల నవ్వు కాదు. ఇంటికొచ్చిన చుట్టాలకు పెద్దవాళ్ళు నవ్వే నవ్వు.

తర్వాతి వారం తిప్పన్న కళ్యాణదుర్గం పోయాడు. మధ్యాహ్నానికి రావాల్సిన మనిషి పొద్దు వాలినా రాలేదు. బస్సు చెడిపోయి దారిలో నిలిచిందని తర్వాత తెలిసింది. జ్యోతిలక్ష్మి బడి నుంచి వచ్చి సంచి కూడా దించకుండా గడప మీద కూర్చుంది. అప్పుడు ఊరాయి నీళ్ళు. ముందు బండలు మునిగాయి. తర్వాత చెప్పులు తేలాయి. బియ్యం మూట అడుగు తడిసింది. నీళ్ళు గడప దాటి వాకిట్లోకి, వాకిట్లోంచి వీధిలోకి పారాయి. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు బిందెలు తెచ్చి నింపుకున్నారు. పిల్లలు ఎగిరి దూకారు. ఎవరో ఈల వేశారు. అంత సందడి మధ్య జ్యోతిలక్ష్మి రోడ్డు వైపు చూస్తూ, పెదవులు తెల్లబడి, రెండు చేతులూ జుట్టులో పెట్టుకుని కూర్చుంది.

తిప్పన్న వీధి మలుపు తిరిగాడు. నీళ్ళు ఇంకిపోయాయి.

ఇది కుళ్ళాయప్ప కళ్ళారా చూశాడు. మరుసటి పొద్దున ఇంకో నలుగురు రైతులను వెంటేసుకుని వచ్చాడు. తిప్పన్న అరుగు మీద బీడీ కాలుస్తున్నాడు.

"అన్నా, ఏమనుకోవద్దు," అన్నాడు కుళ్ళాయప్ప. "నువ్వు కనబడకపోతే పాపకు నీళ్ళు ఎక్కువ ఊరతాండాయి. మేమంతా చూసినాము. ఒకపని చేయప్పా. రేపు పొద్దున చెప్పకుండా యాడికన్నా పోయి సాయంత్రం రా. మేము పాపను చేన్ల మధ్యలో కూచోబెడతాం. ఒక్కదినం పారితే చాలు, ఊరందరికీ కాయ పట్టేస్తాది."

తిప్పన్న బీడీ ఆర్పాడు. వద్దనలేదు.

కదిరమ్మ లోపలి నుంచి వచ్చింది. చేతిలో తడిగుడ్డ అలాగే ఉంది.

"కుళ్ళాయప్పా, ఇప్పుడేమంటివి? ఇంగోసారి చెప్పు."

"వదినా, ఒక్క దినమే..."

"నా బిడ్డ బెదిరిపోతే మీకు నీళ్ళొస్తాయి. అంతే గదా నువ్వు చెప్పేది?"

ఆ మాట ఆమె నోట వచ్చేదాకా ఆమెకు కూడా తెలియదు. చెప్పాక అక్కడున్న ఎవరికీ తెలియనట్టు నటించే దారి లేకపోయింది. కుళ్ళాయప్ప తల దించుకున్నాడు.

"ఇన్ని దినాలూ దాని కింద నీళ్ళే చూసినారు అందురూ. నేనూ అంతే. పిండి పిండి చెట్టుకు పోసినా గానీ ఇవి యాడనుంచి వస్తాండాయని అడగలేదు. ఈపొద్దు నుంచి నా కూతురు ఏ చేన్లోకీ రాదు. మా చేన్లోకి కూడా రాదు."

"ఏమే, కాయ పట్టే టైములో ఇట్లంటే ఎట్ల?" అన్నాడు తిప్పన్న. "పంట పోతాది."

"పోనీ," అంది కదిరమ్మ.

రైతులు వెళ్ళిపోయారు. ఒకరిద్దరు గొణిగారు. ఆ సాయంత్రం పక్కింటామె కదిరమ్మను పలకరించలేదు. కదిరమ్మ దాన్ని లెక్కలో వేసుకోలేదు. చీర మార్చుకుని బడికి పోయింది.

కృపాకుమారి పిల్లలందరినీ పంపించేసి, కదిరమ్మకు కుర్చీ వేసింది.

"నేను కూడా మంచి పిల్ల అనే అనుకున్నాను కదిరమ్మా," అంది. "అల్లరి లేదు, కొట్లాట లేదు, చేతిరాత ముత్యాల్లాగుంటుంది. అల్లరి చేసేవాళ్ళను చూసుకోవడంతోనే నాకు పొద్దు గడిచిపోతుంది. నువ్వు అడుగుతున్నావు కాబట్టి ఇప్పుడు ఒక్కొక్కటీ గుర్తొస్తున్నాయి. ఇంటర్‌బెల్లు కొడితే అందరూ కొళాయి దగ్గరికి పరిగెత్తుతారు. జ్యోతి కాంపౌండు గోడ దగ్గరికి పోతుంది. అక్కడ ఎప్పుడూ తడే. రా, చూద్దువు."

ఇద్దరూ గోడ దగ్గరికి నడిచారు. ఒక రాయి, దాని చుట్టూ నాచు పట్టిన నేల. ఆ రాయెక్కి చూస్తే బీడు దాటి తిప్పన్న చేను కనబడింది. చేన్లో తిప్పన్న వంగి కలుపు తీస్తున్నాడు.

"తిప్పన్న కనబడిన రోజు లెక్కలు చేస్తుంది," అంది కృపాకుమారి మెల్లగా. "కనబడని రోజు కడుపునొప్పి అంటుంది. ఇంటికి పంపించేదాన్ని."

కదిరమ్మ గోడ పట్టుకుని నిలబడింది. "నేనేం చేయల్ల టీచరమ్మా? అడిగితే ఏం లేదంటాది."

"నిలదీసి అడిగితే అట్లే అంటుంది. పక్కన కూర్చో. చేతికేదో పని పెట్టుకో, దాని మొహంలోకి చూడొద్దు. చెప్పేదాకా ఓపిక పట్టు. ఏం చెప్పినా అరవొద్దు, ఏడవొద్దు. నువ్వు తట్టుకోలేవనుకుంటే మళ్ళీ మూసుకుంటుంది."

ఆదివారం పొద్దున కదిరమ్మ కుంకుడుకాయలు కొట్టి నానేసింది. జ్యోతిలక్ష్మిని పెరట్లో బండ మీద కూర్చోబెట్టి తాను వెనక కూర్చుని తల రుద్దింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నురగ మెడ మీదికి జారుతోంది. పిల్ల కింద నుంచి ఊరే నీళ్ళు స్నానం నీళ్ళతో కలిసి పోతున్నాయి.

"రేపట్నుంచి నువ్వు చేన్లోకి పోవద్దు పాపా. బడికి పో, వచ్చి భారతితో ఆడుకో."

పిల్ల భుజాలు బిగుసుకున్నాయి. "పోవల్ల అమ్మా."

కదిరమ్మ చెయ్యి ఆపకుండా రుద్దుతూనే ఉంది.

"నేను పోకపోతే నీళ్ళు రావు. నీళ్ళు రాకపోతే పంట రాదు."

"రాకపోతే రాకపోనీ."

"పంట రాకపోతే నాయన మళ్ళా మందు తాగేకి పోతాడు."

కుంకుడు నురగలో కదిరమ్మ వేళ్ళు ఒక్క క్షణం తడబడ్డాయి. టీచరు చెప్పిన మాట పంటి బిగువున గుర్తు తెచ్చుకుంది. వేళ్ళను మళ్ళీ కదిలించింది.

"చెప్పు," అంది. "నేను వింటాండా."

అప్పుడు చెప్పింది జ్యోతిలక్ష్మి. బోరు ఎండిపోయిన రోజు సద్ది తీసుకుని చేనికి పోయింది. నాయన కానగచెట్టు వెనక కూర్చుని ఉన్నాడు. చేతిలో పురుగుమందు డబ్బా ఉంది, మూత తీసి ఉంది. నాయనా అని పిలిస్తే ఉలిక్కిపడ్డాడు. మూత బిగించాడు. దగ్గరికి లాక్కుని గట్టిగా పట్టుకున్నాడు. అమ్మకు చెప్పొద్దన్నాడు. "నువ్వు వచ్చినావు కాబట్టి సరిపోయింది తల్లీ" అన్నాడు.

"నేను రాకపోతే సరిపోదు గదా అమ్మా," అంది పిల్ల. "అందుకే చూసుకుంటాండా."

కదిరమ్మ ఒక చెంబు నీళ్ళు తీసి కూతురి తల మీద పోసింది. ఇంకో చెంబు పోసింది. నురగంతా పోయేదాకా పోసింది. తర్వాత కొంగుతో తల తుడిచి, ఆ తడితలను గుండెకు ఆనించుకుంది.

"ఇన్ని దినాలూ నువ్వొక్కదానివే మోసినావా! చాలు పాపా. ఇంగ నేను చూసుకుంటా. నాకు చెప్పి మంచిపని చేసినావు."

ఆమె ఏడవలేదు. పిల్లకు తెల్లగౌను తొడిగి, భారతి ఇంటికి పంపి, కొట్టంలోకి పోయింది. అక్కడున్న డబ్బాలన్నీ, మిషనుతో సహా, గంపకెత్తుకుని నేరుగా కుళ్ళాయప్ప ఇంటికి నడిచింది. జరిగింది రెండు మాటల్లో చెప్పింది. కుళ్ళాయప్ప మొహం పాలిపోయింది.

"ఇవి నీ ఇంట్లో తాళం వేసి పెట్టు. మా చేనికి మందు కావల్లంటే నువ్వే వచ్చి కొట్టు. మీ అన్న అడిగినా ఇవ్వొద్దు."

"ఇవ్వను వదినా," అన్నాడు కుళ్ళాయప్ప. గంప అందుకున్నాడు. "నేను... పాపను ఎండలో కూచోబెడితి గదా వదినా..."

"అది తర్వాత ఏడుద్దువులే. ఇప్పుడు తాళం వేయి."

అక్కడి నుంచి చేనికి పోయింది. తిప్పన్న గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ఎదురుగా నిలబడి, ఏ అడ్డమాటా లేకుండా అంది:

"కానగచెట్టు కాడ నిన్ను పాప చూసింది. ఆపొద్దు నుంచి నిన్ను కాపలా కాస్తాండాది."

తిప్పన్న గట్టు మీది గడ్డి పీకుతూ అన్నాడు: "చిన్నపిల్ల గదా, మర్చిపోయింటాది అనుకున్నా."

"నువ్వు ఆ బెదురు దానికి ఇచ్చేసి మర్చిపోయినావు. అది మర్చిపోలేక సస్తాండాది. దాని చెవెనక చూసినావా? వెంట్రుకలు పెరుక్కుంటాండాది. అన్నం తినదు. గడపకడ్డం పండుకుంటాది, నువ్వు దాటి పోతావని. ఈ చేన్లో నీళ్ళనుకుంటివి గదా, ఇదంతా దాని బెదురు."

ఆయన చెట్ల వైపు చూశాడు. పచ్చగా ఉన్న ఒక్కొక్క సాలూ చూశాడు. రెండు చేతుల్తో మొహం మూసుకున్నాడు.

"నాకేం చేయల్లో తెలీలేదు కదిరీ. ఇప్పుడూ తెలీదు. పొద్దున లేస్తానే రొమ్ము మీద బండ పెట్టినట్టుంటాది. నీకు చెప్తే నువ్వు బెదురుతావని..."

"నేను బెదరను. నాకు చెప్పు. దానికి కాదు, నాకు చెప్పు. నేను పెద్దదాన్ని, నాకు చేతనవుతాది." ఆమె కూడా గట్టు మీద కూర్చుంది. "ఎల్లుండి అనంతపురం పెద్దాసుపత్రికి పోతాండాం. మనసు బెదిరినోళ్ళకు డాక్టర్లుంటారంట, పాప గురించి అడిగినపొద్దు టీచరమ్మ చెప్పింది. ఇంగొకటి. నువ్వు పాపకు చెప్పల్ల. ఆ బరువు పెట్టింది నువ్వు. నువ్వే దించల్ల."

సాయంత్రం తిప్పన్న ఇంట్లో కూతురి ఎదురుగా బండల మీద కూర్చున్నాడు. కదిరమ్మ పొయ్యి దగ్గర ఉంది.

"పాపా, ఆపొద్దు నేను తప్పు చేసినా," అన్నాడు. "డబ్బా పట్టుకునింది ఒక తప్పు. అమ్మకు చెప్పొద్దని నీకు చెప్పింది ఇంగో తప్పు. నువ్వు వచ్చినావని సరిపోయింది అంటి గదా, ఆ మాట వాపసు తీసుకుంటాండా. నన్ను కాపాడేది నీ పని కాదు. నాకు మనసు బాగలేదు. జొరమొస్తే ఆసుపత్రికి పోతాం గదా, అట్ల దీనికీ పోతాం. మీ అమ్మ వస్తాది. కుళ్ళాయప్ప చిన్నాయన ఉండాడు. అందరూ పెద్దోళ్ళమే. మేము చూసుకుంటాం."

"పంట పోతే?"

"పోతే మళ్ళా విత్తుతాం. పోయినా నేనుంటా."

అప్పుడు కదిరమ్మ చూసింది. తిప్పన్న కూర్చున్న బండ చెమర్చింది. చెమ్మ చుక్కలైంది. కూతురి వైపు నుంచి ఊరిన నీళ్ళు, ఆయన వైపు నుంచి ఊరిన నీళ్ళు మధ్యలో కలుసుకున్నాయి. జ్యోతిలక్ష్మి వేలితో ఆ నీళ్ళను తాకింది.

"నాయనా, నీక్కూడా," అంది.

"అవును పాపా. నాక్కూడా."

అనంతపురం పెద్దాసుపత్రిలో మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ గది ముందు వరండాలో బెంచీలున్నాయి. వాటి మీద రకరకాల మనుషులు కూర్చుని ఉన్నారు. ధర్మవరం నుంచి వచ్చిన మగ్గం పని ముసలాయన, పరీక్ష తప్పిన కాలేజీ పిల్లోడు, చంకలో బిడ్డతో ఒక బాలింత. దాదాపు అందరి కిందా తడి ఉంది. ఆసుపత్రి ఊడ్చే ఆయమ్మ కర్రగుడ్డతో ఆ చివర నుంచి ఈ చివరకు తుడుచుకుంటూ వస్తుంటే, ఎవరి వంతుకు వాళ్ళు కాళ్ళు పైకెత్తుతున్నారు. తిప్పన్న ఆ వరసను అటునుంచి ఇటు చూశాడు. ఇంతమందా అనుకున్నాడు. పోయి ఖాళీగా ఉన్న చోట కూర్చుని, ఆయమ్మ దగ్గరికి రాగానే తనూ కాళ్ళెత్తాడు.

మాత్రలు ఇచ్చారు. ప్రతివారం వచ్చి మాట్లాడిపొమ్మన్నారు. తిప్పన్న పోయాడు. పోయే ముందు కూతురికి ఏ బస్సుకు పోయేదీ, ఎప్పటికి వచ్చేదీ చెప్పేవాడు. చెప్పిన వేళకు వచ్చేవాడు. బస్సు ఆలస్యమైతే టీచరుకు ఫోను చేసేవాడు. "జ్యోతీ, మీ నాయన కళ్యాణదుర్గం దాటినాడంట," అని కృపాకుమారి లెక్కల మధ్యలో చెప్పి, మళ్ళీ లెక్కలు చెప్పేది. కుళ్ళాయప్ప ప్రతి సాయంత్రం వచ్చి తిప్పన్నతో అరుగు మీద కూర్చునేవాడు. ఒక్కోరోజు ఇద్దరూ ఏమీ మాట్లాడుకునేవాళ్ళు కాదు. అయినా వచ్చేవాడు.

పిల్ల వెంటనే నమ్మలేదు. ఇంకా గడప దగ్గరే పడుకునేది. కదిరమ్మ తిట్టలేదు. తన చాప కూడా తెచ్చి పక్కన వేసుకుంది. కొట్టం తలుపులు తీసిపెట్టింది, లోపల ఏమీ లేదని ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకునేలా. జుట్టులోకి చెయ్యి పోయినప్పుడల్లా అరవకుండా ఆ చేతికి ఒలిచేకి నాలుగు చిక్కుడుకాయలు ఇచ్చేది. కొన్నిరోజులు తడి తగ్గేది. ఒకరోజు తిప్పన్న కాస్త దిగులుగా కనబడితే మళ్ళీ మడుగయ్యేది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేది కదిరమ్మ.

చేను ఎండింది. ఊర్లో అందరి చేన్లూ ఎండాయి. ఒక్కరు కూడా పాపను పంపమని అడగలేదు. పట్టిన కాయ పట్టింది, మిగతాది పశువుల మేతైంది. సాళ్ళ మధ్యలో విత్తిన కంది మాత్రం మొండిగా నిలబడింది. ఒకసారి ఎవరో, "తిప్పన్నా, నీ కిందా నీళ్ళూరతాయంట గదా, నీ చేన్లో నువ్వే కూచోరాదా?" అన్నారు వేళాకోళంగా. తిప్పన్న నవ్వాడు. "ఆ నీళ్ళతో సేద్యం చేసేకి కాదప్పా. చేసి చూసినాం," అన్నాడు.

తడి చాపంత నుంచి పళ్ళెమంతయింది. పళ్ళెమంత నుంచి అరచెయ్యంతయింది. ఒక పొద్దున కదిరమ్మ చాప ఎత్తితే కింద బండ పొడిగా ఉంది, దాని మీద ఒక చీమ తన దారిన పోతోంది. ఆ మధ్యాహ్నమే వీధిలో అరుపులు వినబడి పరిగెత్తింది. జ్యోతిలక్ష్మీ భారతీ దుమ్ములో పడి జుట్టూ జుట్టూ పట్టుకుని పొర్లుతున్నారు. చుట్టూ ఎర్రదుమ్ము లేచింది. విడదీయడానికి వచ్చిన ఆడవాళ్ళను కదిరమ్మ చేత్తో ఆపింది.

"కొట్టుకోనీండి," అంది.

దసరా సెలవులకు పామిడి నుంచి కదిరమ్మ అక్క లక్ష్మక్క తన కూతుర్ని వెంటేసుకుని వచ్చింది. పిల్లను పది దినాలు తీసుకుపోతానంది, తన కూతురికి తోడుంటుందని. ఎవరూ ఏమీ అనకముందే జ్యోతిలక్ష్మి, "పోతా! పెన్నలో నీళ్ళుండాయా పెద్దమ్మా?" అంది. రాత్రి మాత్రం తిప్పన్న పక్కన చేరి, "నేను పోతే నీకు ఫర్వాలేదా నాయనా?" అని అడిగింది. "ఫర్వాలేదు. మంగళవారం ఆసుపత్రికి పోతా. వచ్చి ఫోను చేస్తా," అన్నాడు. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "ఫోను చేయకపోయినా ఏం లేదులే, నేను ఆడుకుంటాంటా," అంది.

కంబదూరు బస్టాండులో బస్సు కదిలేముందు లోపల గొడవ. కిటికీ పక్క సీటు కోసం జ్యోతిలక్ష్మీ పెద్దమ్మ కూతురూ ఒకరినొకరు నెట్టుకుంటున్నారు. లక్ష్మక్క ఇద్దరి వీపుల మీదా ఒక్కో దెబ్బ వేసింది. బస్సు కదిలింది. తిప్పన్న చెయ్యెత్తి ఊపాడు. కిటికీలోంచి కూతురి జడ కనబడింది, మోచెయ్యి కనబడింది, పెద్దమ్మ కూతురి మీద ఎత్తిన పిడికిలి కనబడింది. బస్సు మలుపు తిరిగేదాకా ఆయన చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

"ఒక్కసారి కూడా తిరిగి చూడలేదే," అన్నాడు.

"చూడలేదు," అంది కదిరమ్మ.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తిప్పన్న తలగుడ్డ తీసి కళ్ళు గట్టిగా తుడుచుకుని, దులిపి మళ్ళీ కట్టుకున్నాడు.

"ఆకలేస్తాందే," అన్నాడు. "ఉగ్గాని తిందాం పా. బజ్జీలు వేడిగా వేస్తాండారు."